గుమ్మలగుడ ఊటలో కంపు

ధనరాజు పక్కింట్లో ఉండే పైడితల్లికి ఆమె చెల్లెలు ఫోన్లో చెప్పిందట. అరకు దగ్గర గుమ్మలగుడలో గంగ అనే ముసలామె ఊరి ఊటకి చిల్లంగి పెట్టి చేతబడి చేసిందనీ, నీళ్ళు కంపు కొడుతున్నాయనీ, రెండు దూడలు నురగ కక్కి చచ్చాయనీ. పైడితల్లి దానికి తనవంతుగా ఇంకో దూడని కలిపి ధనరాజుకి చేరవేసింది.

మంగళవారం పొద్దున్న విశాఖపట్నం ఆఫీసులో ధనరాజు అదంతా బిందుమాధవికి ఒప్పజెప్పాడు. అతను కోర్టు గుమాస్తా పని వదిలి ఈ డిటెక్టివ్ దగ్గర చేరి ఆరేళ్ళయింది. ఆమె అంచనా తప్పగా తను చూడలేదని అందరికీ చెప్పుకుంటాడు.

"మూడో దూడ ఎవరిది?" అంది ఆమె.

"అది పైడితల్లి కడుపున పుట్టిందండి."

అప్పుడే తలుపు దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. చెప్పులకి ఎర్రమట్టి, చేతిలో మూత బిగించిన సీసా.

"ఆ గంగ మా అవ్వే మేడమ్. నా పేరు సోని. ఊళ్ళో ఆశా వర్కర్ని. నిన్ననే వద్దామంటే ఘాట్లో కొండచరియ పడి రోజంతా ఒక్క బండీ దిగలేదు. రేపు పొద్దున్న ఊరు కూర్చుంటాది. అవ్వది చిల్లంగేనని తేల్చి తరిమేస్తారు. పోలీసులొచ్చి మందలించి పోయారు. వాళ్ళు పోగానే మళ్ళీ మొదలు."

బిందుమాధవి సీసా మూత తిప్పి వాసన చూసి వెంటనే మూసేసింది. ఆమె ముఖం ముడుచుకుపోయింది.

"చిల్లంగి గోళ్ళ రంగు వాసన వస్తుందా, ధనరాజుగారూ?"

మధ్యాహ్నానికి గుమ్మలగుడ చేరారు. కొండవాలున రాళ్ళ మధ్య ఊట. నీటి మీద నెమలి రంగుల తెట్టు. రాళ్ళకి బూడిదరంగు జిగురు, చీదేసినట్టు. పక్కన చచ్చిన కప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఉబ్బిపోయాయి. ధనరాజు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

ఊరి పెద్ద బుధు కొంచెం దూరంగా నిలబడ్డాడు. చచ్చిన దూడల్లో ఒకటి అతనిదే.

"ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది బిందుమాధవి.

"ఆదివారం పొద్దున్న. నీళ్ళకెళ్ళిన ఆడోళ్ళు కడవలు ఒంపేసి పరిగెట్టొచ్చినారు. నా మనవడు ఒక గుక్క తాగి రెండ్రోజులు కక్కినాడు."

"ఊట ఇక్కడ ఉందని మీ వాళ్ళకెలా తెలిసింది?"

బుధు ఆమెను వింతగా చూశాడు. "పైన చెదపుట్టలున్నాయి గదా. చెదపుట్టుంటే అడుగున తడుంటాది. మా తాతలు పుట్టలు సూసే ఇక్కడ తవ్వినారు."

"చిల్లంగి అని మొదట అన్నదెవరు?"

బుధు వాలు పైకి చూపించాడు. "ఆ పైన రిసార్టు బాబు. 'మీ ఊళ్ళో అలాటోళ్ళెవరైనా ఉన్నారేటయ్యా?' అనడిగినాడు. మాకూ అదే మనసులో ఉంది."

ఊటకి పైన, వాలు మీదే రమణమూర్తి రిసార్టు. చెక్క కాటేజీలు ఆరు. సీజన్ ముందు రంగులు వేయిస్తున్నాడు. పెయింటరు భీముడు గుమ్మలగుడవాడే. బ్రష్షులు కడుగుతూ కనిపించాడు.

"కడిగిన థిన్నరు ఏం చేస్తావయ్యా?"

"పారబోత్తే నోట్లో అన్నం పారబోసినట్టేనమ్మా." అతను మూడు డబ్బాలు చూపించాడు. "దీన్లో కడిగి మూతెట్టి రెండ్రోజులు కదపకుండా ఉంచుతాను. రంగు అడుక్కి దిగిపోద్ది. పైది తేట. తేట ఒంపుకుని మళ్ళీ దాంతోనే కడుగుతాను. అడుగు మడ్డి ఆ నీలం డ్రమ్ములో. గుడ్డలు కూడా కుప్పెయ్యను. కుప్పెడితే వాటంతటవే అంటుకుంటాయి. అదిగో, తీగ మీద విడివిడిగా ఆరేసినాను."

"డ్రమ్ము ఖాళీగా ఉందే?"

"శనివారం మధ్యాహ్నం నేనింటికెళ్ళేప్పుడు నిండుగానే ఉంది. సోమవారం వచ్చి చూత్తే ఖాళీ. వైజాగు పంపేసినానని బాబు చెప్పినాడు."

రమణమూర్తి భీమవరం వైపు మనిషి. తెల్లచొక్కా, చేతినిండా ఉంగరాలు. వచ్చినవాళ్ళకి తనే స్వయంగా కాఫీ కలిపించాడు.

"రసాయనాల వేస్టు తీసుకునేవాళ్ళు వైజాగులో ఉన్నారండీ. సోమవారం పొద్దున్నే వ్యానులో పంపించేశాను. పద్ధతిగా ఉండాలి కదా!"

"సంతోషం. కాఫీకి నీళ్ళు ఎక్కడివి?"

"క్యాన్లండీ. ఇదివరకు ఊట నీళ్ళే మోటారుతో తోడుకునేవాళ్ళం. అది పాడైంది కదా, అప్పట్నుంచీ ఇవే."

బిందుమాధవి కాఫీ ముట్టకుండా వంటింటి వెనక్కి వెళ్ళింది. ఖాళీ క్యాన్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క మెడకీ నీళ్ళు తెచ్చినతను తేదీ రాసిన చీటీ. వాటిని ఫోటో తీసుకుని, చివరి కాటేజీ వెనక వాలులోకి దిగింది. అక్కడ మూడు చెదపుట్టలు. చుట్టూ గడ్డి మాడినట్టు పసుపు. పుట్టల నోళ్ళ చుట్టూ బూడిదరంగు అట్టు. ధనరాజు పుల్లతో గీరాడు. కింద చచ్చిన చెదలు ముద్దలుముద్దలుగా ఉన్నాయి. అతను పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

బుధవారం పొద్దున్న ఊరంతా బుధు వాకిట్లో కూర్చుంది. గంగ ఒక మూల గోడకి ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా చింతపిక్కలు తీస్తోంది. బిందుమాధవి పిలిస్తే రమణమూర్తీ వచ్చాడు, భీముడూ వచ్చాడు.

"ఊటలో ఉన్నది పెయింటు థిన్నరు మడ్డి" అందామె.

జనం ఒక్కసారిగా భీముడి మీదికి తిరిగారు. "ఓరి భీముడా, నువ్వేట్రా!"

"ఆగండి. థిన్నరుతో ఎలా మెలగాలో ఈ కొండ మీద తెలిసిన మనిషి అతనొక్కడే. మడ్డిని డ్రమ్ములో మూతపెట్టి అప్పజెప్పాడు. అది మట్టిలో పోయకూడదు, కాలవలో పోయకూడదు, మూతపెట్టి తీసుకెళ్ళేవాళ్ళకి ఇవ్వాలి. సోమవారం వ్యానులో వైజాగు పంపానన్నారు రమణమూర్తిగారు. సోమవారం ఘాట్లో దారి లేదు. ఈ సోని రోజంతా అక్కడే కూర్చుంది."

రమణమూర్తి నవ్వబోయాడు. "రోజు పొరపాటు చెప్పుంటానండీ."

"సరే. ఊట పాడయ్యాక క్యాన్లు తెప్పించానన్నారు. ఊళ్ళో వాసన తెలిసింది ఆదివారం. మీ మొదటి క్యాన్ల మీద తేదీ శనివారానిది. నీళ్ళు పాడయ్యాయని ఊరికంటే ముందు మీకెలా తెలుసు?"

రమణమూర్తి ఉంగరాలు తిప్పుకుంటున్నాడు.

"కాటేజీల చెక్కని చెదలు తినేస్తున్నాయి. ఇక్కడ డ్రమ్ము మడ్డి ఊరికే పడుంది. చెదపుట్టల్లో పోసేశారు. మీ ఊళ్ళో పుట్టల్లో కిరసనాయిలు పోస్తారు కదా, అదే తెలివి. ఈ కొండలో పుట్ట అడుగున నీరుంటుందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీరు అడగలేదు. సాయంత్రానికి మీ కుళాయిలో కంపు వచ్చింది. అప్పుడైనా కిందికి దిగి 'తాగకండి' అని ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ దూడలు బతికేవి, ఆ పిల్లాడు కక్కేవాడు కాదు. మీరు మీకు మాత్రం క్యాన్లు తెప్పించుకున్నారు. ఆదివారం దిగొచ్చి చిల్లంగి ఎవరని అడిగారు."

ఆమె ఊట వైపు చెయ్యి చూపింది. "నాలుగు రోజులుగా కుళ్ళిన కప్పల కంటే నాకు ఆ ప్రశ్నే ఎక్కువ కంపు కొడుతోంది."

"నేనెవరి పేరూ చెప్పలేదండీ!" అని అరిచాడు రమణమూర్తి. "పేరు వీళ్ళే చెప్పారు!"

అది నిజమే.

సోని అప్పటికే పోలీసులకి ఫోన్ చేసింది. జీపు వచ్చి రమణమూర్తిని ఎక్కించుకుపోయేదాకా ఊరు కదల్లేదు. ఆ పుట్టల మట్టి తవ్వి తీయించేదాకా, నీళ్ళు పరీక్షించి మంచివని చెప్పేదాకా ఊట తాగొద్దని బిందుమాధవి రెండుసార్లు చెప్పింది. భీముడు ఊట దగ్గర కంప అడ్డం వేయడానికి వెళ్ళాడు.

బుధు లేచి గంగ దగ్గరికి వచ్చాడు.

"తెలీక అనుకున్నాం, గంగమ్మా. అయిపోనాది గదా. ఇంక నిన్నెవరూ ఏటీ అనరు. మనసులో ఎట్టుకోకు. నువ్వు మా మనిషివే."

గంగ చింతపిక్కల చేట కింద పెట్టింది.

"ఆదివారం నా గుమ్మం మీద ఉమ్మినావు. అదింకా ఆడనే ఉంది. ముందొచ్చి కడుగు."