తెల్లమీద ఐదు, నల్లమీద ఐదు

ఆదివారం పగలు పదకొండు గంటలు. చర్చిలో ఆరాధన ముగిసి, జనం గొడుగులు విప్పుకుని బస్టాండు దిక్కు నడుస్తున్నారు. మెదక్ మీద ఎండ చిటచిటమంటోంది. రామాయంపేట రోడ్డు మీదున్న ఇంజెక్షన్ల కంపెనీలో, ఇన్‌స్పెక్షన్ గదిలో మాత్రం ఎప్పుడూ ఒకటే పొద్దు. కిటికీ లేదు. గోడలకు నల్లరంగు. మధ్యలో పదడుగుల మెషిన్, దాని కడుపులో ఆరు కెమెరాలు. మందు నింపి మూత బిగించిన గాజు సీసాలు ఒకదాని వెనక ఒకటి ఆ కెమెరాల ముందు నుంచి పోతుంటాయి. మంచిది కుడికి పోతుంది. చెడ్డదాన్ని ఒక గాలిగొట్టం టప్పుమని ఊది ఎడమవైపు ట్రేలో పడేస్తుంది.

సుమన ఆ గదికి క్వాలిటీ ఆఫీసరు. ఇరవై ఆరేండ్లు. నాలుగు గంటలకు లారీ వస్తుంది. ఇరవై రెండు వేల సీసాలు సర్కారు దవాఖానాలకు పోవాలి. ఆమె సంతకం పెడితేనే పోతాయి.

పొద్దున్నుంచి మెషిన్ ఒక్క సీసాను కూడా కుడికి పంపలేదు.

టప్. టప్. టప్.

తెర మీద ప్రతి సీసా చుట్టూ ఎర్రగీతల డబ్బా. ఆ డబ్బాలో, సీసా అడుగున, నువ్వుగింజంత నల్లచుక్క. సుమన ట్రేలోంచి ఒక సీసా తీసి తలకిందులుగా తిప్పి చూసింది. అడుగున ఏమీ లేదు. మళ్ళీ కెమెరా ముందు పెట్టింది. తెర మీద చుక్క ఉంది. చేతిలోకి తీసుకుంటే లేదు.

ఆ చుక్క ఎవరిదో ఆమెకు తెలుసు.  

ఏడాది కింద ఈ మెషిన్‌ను అమ్మవచ్చినవాళ్ళు ఏసీ గదిలో బొమ్మలు చూపిస్తూ చెప్పిన మాటలు ఆమెకు ఇంకా కంఠతా వచ్చు. మనిషి కన్ను అలసిపోతుంది, మెషిన్ కన్ను అలసిపోదు. కార్ల భాగాలైనా, ఫోన్లలోని చిప్పులైనా, బిస్కట్లైనా, మాత్రలైనా ఇప్పుడు అన్నిటినీ కెమెరాలే చూస్తున్నాయి. దేశదేశాల్లో దీని మార్కెట్ ఏటేటా ఉబ్బిపోతోంది, కొననివాడు వెనకబడతాడు. మేనేజరు శశిధర్ తల ఊపిన ఊపుకు మెడ విరగకపోవడమే వింత. ఒక్క ప్రశ్న మాత్రం ఆ గదిలో ఎవరూ అడగలేదు. ఆ మెషిన్‌కు చూపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

బాలమణి దగ్గర్నుంచి వచ్చింది.

బాలమణి పందొమ్మిదేండ్లు ఈ గదిలోనే కూచుంది. ఎదురుగా సగం తెల్లగా, సగం నల్లగా ఉండే బోర్డు, పైన ఒక ట్యూబ్‌లైటు. సీసాను మెడ పట్టి సుడి తిప్పి, తెల్లమీద ఐదు లెక్క, నల్లమీద ఐదు లెక్క. నలుసులు తెల్లమీద కనిపిస్తాయి. గాజుపెంకు నల్లమీదే మెరుస్తుంది. పెదవుల మీదనే ఆమె లెక్క నడిచేది. ఒకటి… రెండు… ఆమెతో పాటు ఇంకో పదముగ్గురు ఆడవాళ్ళు.

మెషిన్‌కు నేర్పడానికి మంచి సీసాల ఫోటోలు, చెడ్డ సీసాల ఫోటోలు వేలకు వేలు కావాలన్నారు. ఏరింది ఆ ఆడవాళ్ళు. ఫోటోలు తీసింది సుమన. చెడ్డవి మంచివాటిలో కలిసిపోకుండా గుర్తు పెట్టుకోవడానికి ఒక మార్కర్ పెన్ను ఇప్పించమంటే స్టోరువాళ్ళు వారం తిప్పించుకున్నారు. కోట్ల మెషిన్ కొన్నవాళ్ళకు ఒక పెన్ను కొనడానికి చేతులు రాలేదు. బాలమణి విసిగిపోయి రొంటిలోంచి కాటుక భరిణె తీసింది. ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుక. చూపుడువేలితో ప్రతి చెడ్డ సీసా అడుగున ఒక చుక్క పెట్టింది.

"ఏందక్కా, సీసాలకు దిష్టిచుక్కనా?" అని నవ్వింది సుమన.

"చంటిపిల్లకు అరికాల్ల పెడ్తం గద బిడ్డా, గట్లనే. పిల్లకు పెడితే లోకం దిష్టి పిల్లకు తగలది. దీనికి పెడితే దీని దిష్టి లోకానికి తగలది."

అందరూ నవ్వారు. ఎనిమిది వేల చెడ్డ సీసాలు, ఎనిమిది వేల చుక్కలు. చివర్లో మెషిన్‌కు పరీక్ష కూడా ఆ చుక్కల సీసాలతోనే పెట్టారు. నూటికి నూరు. శశిధర్ మిఠాయి పంచాడు.

మెషిన్ పనిలోకి దిగిన మూడో రోజు బాలమణి, అది పాస్ చేసిన సీసానొకదాన్ని నల్లబోర్డు ముందు పట్టి అతన్ని పిలిచింది. లోపల చేపపొలుసులా ఒక గాజుపెంకు.

"సార్, ఇది గాజును చూస్తలేదు. నా చుక్కను చూస్తున్నది. చుక్క లేకుంటే దీనికి అన్నీ మంచియే."

"పదో తరగతి తప్పినామె కంప్యూటర్‌కు పాఠం చెప్తుందట," అన్నాడు శశిధర్.

సుమన అక్కడే ఉంది. ఒక్క క్షణంలో ఆమెకు సంగతంతా అర్థమైంది. నోరు తెరవలేదు. ఆమె ప్రమోషన్ కాగితం ఆ వారమే సంతకానికి పోయింది. నెలాఖరుకు పద్నాలుగు మంది ఆడవాళ్ళనూ గేటు బయటికి పంపారు.

ఇరవై రోజుల కింద బాలమణి జ్వరంతో దవాఖానాలో పడింది. సుమన చూడబోయింది. మంచం పక్కన, ఇంజెక్షన్ ఇచ్చి పెట్టిన సీసా. లేబుల్ తమ కంపెనీదే. అడుగున ఇంకా కొంత మందు ఉంది. బాలమణి దాన్ని సున్నపుగోడకు ఎదురుగా పట్టి లెక్కపెడుతోంది. ఐదు అయ్యాక ఇటు తిరిగింది.

"తెల్లమీద చూసిన బిడ్డా. నల్లమీద చూడలే ఇంక. నల్లది ఏదీ?"

తెల్లారేసరికి ఆమె ప్రాణం పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. సుమన కూడా అడగలేదు.

ఫోను మోగింది. మెషిన్ కంపెనీ సర్వీసు ఇంజనీరు అమరేందర్, హైదరాబాద్ నుంచి.

"మేడమ్, మీ తెర మీద గూడ నల్లచుక్కనా?"

"మీకెట్ల తెలుసు?"

"మీ దగ్గర నేర్పిన మెదడునే కాపీ తీసి బయట అమ్మిండ్రు మేడమ్. పొద్దుగాల్నుంచి ఒకటే కాల్స్. కొరియా, పోలండ్, బ్రెజిల్… అన్ని ఫ్యాక్టరీల్ల గిదే. అన్ని సీసాల అడుగున." అతని గొంతు తగ్గింది. "నేను ఫోటో పెద్దగ చేసి చూసిన."

"చూస్తే?"

"అది మరక కాదు మేడమ్. వేలిముద్ర. అన్ని దేశాల్ల… ఒకటే వేలు."

ఫోను కట్టయింది.

అప్పుడు వచ్చింది వాసన. ఆముదం దీపం కొండెక్కినప్పటి వాసన. ఏసీ గాలిలో అది ఎక్కడిదో తెలియలేదు. సుమన మూలకు చూసింది. పాత బోర్డును అక్కడ పాలిథిన్ కవరు కప్పి పెట్టారు. మూడు నెలల కిందే దాని వైరు కత్తిరించారు.

కవరు లోపల ట్యూబ్‌లైటు వెలుగుతోంది.

కాళ్ళు వెనక్కే లాగాయి. సుమన ముందుకే నడిచింది. ఒకసారి నోరు మూసుకుని ఏం మూటగట్టుకుందో ఆమెకు తెలుసు. కవరు తీసి, ట్రేలోని పది సీసాలు ముందు పెట్టుకుని స్టూలు మీద కూచుంది.

స్టూలు వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచినట్టు.

సీసా మెడ పట్టి సుడి తిప్పింది. తెల్లమీద పట్టింది. చెవి పక్కన ఎవరో ఊపిరితో అంటున్నారు…

ఒకటి… రెండు… మూడు…

సుమన తల తిప్పలేదు. నల్లమీద పట్టింది.

ఒకటి… రెండు…

మెరిసింది. చేపపొలుసంత. సుడిలో మెల్లగా తిరుగుతూ, కిందికి దిగుతూ.

"జర నిమ్మళంగ తిప్పు బిడ్డా," అంది ఆ ఊపిరి.

పది సీసాల్లో ఎనిమిదింట గాజు ఉంది.

మూడున్నరకు తలుపు తోసుకుని శశిధర్ వచ్చాడు. "ఏందమ్మా, లారీ గేటు కాడికొచ్చె. నీ మెషిన్ ఏమో సన్యాసం తీసుకున్నదట?"

"గాజున్నది సార్. బోర్డు మీద చూసిన. పదింట్ల ఎనిమిది."

"ఏ బోర్డు? దానికి కరెంటే లేదు."

సుమన వెనక్కి చూసింది. లైటు ఆరిపోయి ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"కరెంటు లేకుంటే గాజు లేకుండ పోతదా సార్? గిదే సీసా మందు మీరు ఎక్కిచ్చుకోండ్రి. చెయ్యి జాపుండ్రి. మీకు ఎక్కినంక నేను సంతకం పెడ్త."

"నోరు మస్తు లేస్తున్నదే నీకు. కెమెరా అద్దం మీద మరక పడ్డది, గంతే. తుడిస్తే పోతది. నువ్వు పెట్టకుంటే కంప్యూటర్ల నేనే పెడ్త. నీ పాస్‌వర్డ్ నాకు తెల్వదా?"

అతను మెషిన్ తలుపు తీశాడు. జేబురుమాలు పట్టుకుని తల లోపలికి పెట్టాడు.

తెర మీద అతని ముఖం వచ్చింది. ఆరు కెమెరాల్లో ఆరు ముఖాలు.

సుమన చూస్తూనే ఉంది. ఎర్రగీత వచ్చింది… ముఖం చుట్టూ. సన్నబడింది… కంటి చుట్టూ. కుడికన్ను. ఆరింట్లోనూ కుడికన్నే. కింద ఒకటే మాట. రిజెక్ట్.

"సార్, తల బయటికి తియ్యుండ్రి."

టప్.

అతను ఒక్క ఉదుటున వెనక్కి వచ్చాడు. కన్ను మూసుకుని తిట్టాడు. తర్వాత తిట్టడం ఆపాడు.

"కంట్ల ఏదో పడ్డది. సుమనా, చూడు జర… ఏమున్నది?"

ఆమె దగ్గరికి పోయి రెప్ప ఎత్తింది. ఎవరు లెక్కపెట్టారో ఆమెకు తెలియదు. తెల్లగుడ్డు మీద ఐదు దాకా ఏమీ లేదు. నల్లగుడ్డు మీద… మెరిసింది. మెల్లగా తిరుగుతూ, కిందికి దిగుతూ.

శశిధర్‌ను కారులో ఎక్కించి పంపారు. సుమన ఆ ఇరవై రెండు వేల సీసాల లాటు కాగితం మీద అడ్డంగా, కాగితం చిరిగేలా, 'మొత్తం రిజెక్ట్' అని రాసింది. ఎనిమిది సీసాల ఫోటోలు, చుక్కల కథ అంతా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు పంపింది. లారీ ఖాళీగా తిరిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. వంటింట్లో తల్లి లలితమ్మ ఏదో పోపు పెడుతోంది. సుమన బాత్రూంలో తెల్ల టైల్స్ మధ్య నిలబడి, పొద్దున్నుంచి విప్పని బూట్లు, సాక్సులు విప్పి కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంది.

"ఇయ్యాల చెప్పిన అక్కా," అంది గోడతో. "అప్పుడు చెప్పలే. ఇయ్యాల చెప్పిన గద."

నీళ్ళ చప్పుడు ఆగింది.

ఒకటి…

వీపు వెనక. ఊపిరంత దగ్గర.

రెండు… మూడు… నాలుగు… ఐదు.

కరెంటు పోయింది.

కంటికి చెయ్యి కనిపించని చీకటి. ఆముదం దీపం కొండెక్కిన వాసన.

ఒకటి…

రెండు…

మూడు…

నాలుగు…

ఎడమ అరికాలికి ఏదో చల్లగా, జిడ్డుగా తగిలింది.

కరెంటు వచ్చింది. సుమన కిందికి చూడలేదు. తలుపు తీసుకుని నేరుగా ముందుగదిలోకి నడిచింది. వెనక నుంచి లలితమ్మ గొంతు, నవ్వుతూ.

"ఇల్లంత తడి చేసినవ్. ఎవరే, గింత పెద్దదానివైనంక నీకు దిష్టిచుక్క పెట్టింది?"

తెల్లటి బండల మీద ఆమె తడి అడుగులు. ప్రతి ఎడమ అడుగు నడుమ, నువ్వుగింజంత నల్లచుక్క.

సుమన కదలకుండా నిలబడి వింటోంది.

ఐదో లెక్క ఇంకా వినపడలేదు.