మగోడి నెత్తిన గంప

"మీ అయ్య ఎతుకుతన్నది కోడల్నా, ఎద్దునా?"

కూర్మమ్మ అంత మాట అనేసరికి ఎల్లాజీ చేతిలో వల జారిపోయింది. పెళ్లి మాటెత్తితే సిగ్గుపడి తల వంచుకుంటుందనుకున్నాడు పాపం. ఆ పిల్ల మెడ నిటారుగా పెట్టి నిలబడింది.

"ఏటయిందే కూర్మీ?"

"మెడ నొప్పెడతందని మీ అమ్మ అంటే మీ అయ్య ఏటన్నాడో ఇన్నాను. 'కోడలొస్తాది, గంప అదే మోస్తాది' అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. నోరిప్పేవా?"

ఇప్పలేదు. ఆ ఇంట్లో అయ్య మాటకి ఎదురు లేదు. వేట మగవాడిది, గంప ఆడదానిది అని ఉగ్గుపాలతో నూరిపోశాడు ఎర్రన్న. ఆ రేవుకి నైలాన్ వల మొదట తెచ్చిన ఘనుడూ ఆయనే. వల మారింది గాని మనిషి మారలేదు. తల్లి జగ్గమ్మ రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సురోడ్డు దాకా ఇసకలో నడుస్తుంటే, తండ్రీకొడుకులు తెప్ప నీడన చుట్టలు కాల్చుకునేవారు. అందులో తప్పుందని ఎల్లాజీకి తోచనే లేదు.

"మా అమ్మకి జొరమొస్తే మా అయ్య గంప ఎత్తుకునీవోడు. ఊరు నవ్వితే నవ్వనీ అనీవోడు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని బావా, నీ ఇల్లు నాకు పడదు. ఇంకో సంబంధం సూసుకో."

గొంతు గట్టిగానే ఉంది, కళ్లే చెమర్చాయి. తన గంప ఎత్తుకుని చరచరా నడిచింది. ఈ పిల్ల లేకపోతే బతుకెందుకనిపించింది ఎల్లాజీకి.

అవతల జగ్గమ్మ కవళ్ల చేపల గంప ముందు మెడ పట్టుకుని కూర్చుంది.

"లెగు! బస్సెల్లిపోద్ది" అని కసిరాడు ఎర్రన్న.

ఎల్లాజీ వెళ్లి గంప అందుకున్నాడు. తన నెత్తికెత్తుతాడని జగ్గమ్మ తల వంచింది. వాడు తన నెత్తినే పెట్టుకున్నాడు.

రేవు రేవంతా నోరెళ్లబెట్టింది. ఎవడో ఈల వేసి, "పెళ్లికూతురొచ్చిందిరోయ్!" అని అరిచాడు.

"ఒరే, దించరా!" ఎర్రన్న కళ్లు నిప్పులయ్యాయి. "మగ పుటక పుట్టి గంప మోస్తావేటి? నలుగురిలో పరువు తీసీసినావు. దించకపోతే నా గడప తొక్కకు!"

ఎల్లాజీ ఆగిపోయాడు. బుద్ధెరిగాక అయ్య మాట దాటి ఎరగడు. చేపల నీళ్లు మెడ మీంచి వీపులోకి కారుతున్నాయి. గంప దించేద్దామనే చేతులు పైకి లేచాయి.

"దించకు."

ఎవరా అని అందరూ తిరిగి చూశారు. జగ్గమ్మ! మొగుడి ముందు గొంతెత్తి ఎరగని మనిషి.

"దించకురా అయ్యా. నడు" అంది మళ్లీ.

ఎర్రన్న పెళ్లాం మొహం చూసి, విసురుగా తెప్ప వైపు తిరిగాడు.

ఎల్లాజీ నడిచాడు. అది నడకా? తాగినవాడి తూలుడు. ముందు పోతున్న కూర్మమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"మెడ బిగించు బావా. కిందకి కాదు, ముందుకి సూడు."

"ముందు నువ్వున్నావు."

"అందుకే సూడమన్నాను."

ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

"రేపు మానీవు కదా?"

"మానను. పెళ్లయ్యాక నీదీ మోస్తాను."

"నాది నేను మోసుకోగలను. ఒంట్లో బాగోనప్పుడు మోద్దువుగాని." దూరాన బస్సు దుమ్ము లేచింది. కూర్మమ్మ మొహం తిప్పుకుని అంది. "ముహూర్తం పెట్టమని మీ ఇంట్లో సెప్పు."

"అయ్యతో ఎలా సెప్పీది?"

"అయ్యతో ఎవుడు సెప్పమన్నాడు? మీ అమ్మతో సెప్పు."