ఇబ్రహీం జేబులో గాజు గొట్టం

"టైమెంతైంది హాజిరా?"

పొద్దుట్నుంచీ ఇబ్రహీం అడుగుతున్నది ఇదే. చేతికేమో వాచీ ఉంది. నిశ్చితార్థం నాడు హాజిరా నాన్న అల్లాబక్షు స్వయంగా తొడిగిన వాచీ. అది పెట్టుకుని ఇంకొకరిని టైం అడిగే మనిషిని ఎలా నమ్మడం?

బెంగుళూరులో పరిశోధన చేస్తున్న మేనత్త కొడుకు ముసురులో తడుస్తూ బందరు వచ్చాడని హాజిరా మొదట తెగ మురిసిపోయింది. అతని చొక్కా జేబులో ఆ చిన్న గాజు గొట్టం కనబడేదాకానే ఆ మురిపెం. మాటిమాటికీ తీసి చూసుకుంటాడు, మళ్ళీ భద్రంగా దాచుకుంటాడు. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిన పిల్లే కాబోయేవాడికి అత్తరు సీసా పంపడం ఆనవాయితీ. తనింకా పంపనేలేదు. మరి ఇదెవరు పంపారు?

సాయంత్రం నాన్న రాగానే ఈ పెళ్ళి వద్దని చెప్పేయాలనుకుంది. ఎంతైనా బావ కదా, ముందు ఒకసారి అడిగి చూద్దామనిపించింది. టీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టింది.

"ఆ అత్తరు ఎవరిచ్చారు బావా?"

"అత్తరా?"

"బుకాయించకు. ఆవిడ పేరేంటి?"

ఇబ్రహీం నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. గొట్టం తీశాడు. లోపల పాలు కలిపిన నీళ్ళలా మసగ్గా ఉంది. వేడి గ్లాసుకి ఆనిస్తే చూస్తుండగానే మంచినీళ్ళలా తేరింది. హాజిరా అనుమానం మాత్రం తేరలేదు.

"ఇది లిక్విడ్ క్రిస్టల్. నీళ్ళలా పారుతుంది, కానీ లోపల అణువులన్నీ ఒకవైపుకే తిరిగి ఉంటాయి, ఈద్గాలో నమాజుకి నిలబడ్డట్టు. వేడి తగిలితే ఎవరి దారి వాళ్ళదే."

"లోపలికెళ్ళి చూసొచ్చావా?"

"గట్టి పదార్థాల్నీ, ఇలాంటివాటినీ పరీక్షించే ఎన్.ఎమ్.ఆర్. మిషను మా ల్యాబులో ఉంది. దీన్ని పెద్ద అయస్కాంతం మధ్య పెట్టి రేడియో తరంగాలు పంపితే, అణువులు ఎంత దగ్గరగా, ఎలా సర్దుకున్నాయో తిరిగొచ్చే సిగ్నల్ చెబుతుంది. నా పనేంటో నీకు చూపిద్దామని తెచ్చాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక చూసుకుంటూ కూర్చున్నా."

"మరి వాచీ సంగతి?"

అతని తల వాలిపోయింది.

"ఆ అయస్కాంతం దగ్గరికెళ్ళేవాళ్ళంతా వాచీ తీసేస్తారు. మావయ్య తొడిగింది కదా, నాకు తియ్యబుద్ధి కాలేదు. సరిగ్గా బయల్దేరే ముందు ఆగిపోయింది. ఈ ఊళ్ళో రిపేరుకిస్తే ఆయనకి తెలిసిపోతుందని భయం."

హాజిరాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇలాంటివాణ్ణా తను అనుమానించింది? సిగ్గుతో చచ్చిపోయింది. అతని చేతినుంచి వాచీ విప్పి ఓణీ కొంగున ముడేసుకుంది.

"బాగుచేయించేదాకా నా దగ్గరుంటుంది."

"మరి నాకు టైం తెలిసేదెలా?"

"నన్నడుగు."

వీధిలో అల్లాబక్షు సైకిలు బెల్లు వినబడింది. ఇబ్రహీం గొంతు తగ్గించి అడిగాడు.

"టైమెంతైంది హాజిరా?"

"నిఖా ఎప్పుడో నాన్నని అడిగే టైమైంది" అని ఆమె తలుపు తీయడానికి వెళ్ళింది.