ఎండ కాస్తుందన్నాను

"వాతావరణం గారూ, బయటికి రండి!"

ఆ కేకకి మా వాతావరణ ఆఫీసులో అందరూ తలలెత్తి నావైపే చూశారు. గుమ్మంలో మొక్కల నర్సరీ అమ్మాయి వానలో తడిసి ముద్దయి నిలబడి ఉంది. చేతిలో నారు ట్రే. అందులో టమాటా మొలకలన్నీ నల్లబడి తలలు వాల్చేశాయి.

"వారమంతా ఎండే అన్నారు. అన్నారా, లేదా?"

"అన్నాను."

"మీ మాట నమ్మి నాలుగొందల ట్రేలు షెడ్డులోంచి బయట పెట్టాను. ఒక్క మొక్క మిగల్లేదు. ఈ ఒక్క సీజను నడిపి చూపించమన్నారు నాన్న. లేకపోతే నర్సరీ మూసేసి అక్క వాళ్ల ఊరికి వెళ్లిపోతాం. ఏం, మూసేయమంటారా?"

అంచనాలు ఒక్కోసారి తప్పుతాయని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మా అంచనా తప్పలేదు. బయట బోర్డు మీద 'చలిగాలులు, వాన' అని నా చేత్తోనే రాశాను.

చలి పోదు, ఎండ నిలవదు, అదో పాడుకాలం. రోజూ పొద్దున్నే ఈ అమ్మాయి వ్యాను ఆపి, బోర్డు చూడకుండా నా కిటికీ దగ్గరికొచ్చి "ఇవాళ ఎలా ఉంటుందండీ?" అనేది. మొదటిరోజు ఎండన్నాను, నవ్వింది. రెండోరోజు వానన్నాను, మొహం మాడ్చుకుంది. ఆ తర్వాత వాన అనడానికి నాకు నోరు రాలేదు. మబ్బుని కాస్త ఎండన్నాను, జల్లుని తుంపరన్నాను. చివరికి వారమంతా ఎండే అనేసి, ఇదిగో, ఇలా మునిగాను.

"బోర్డు మీద సరిగ్గానే రాశానండీ. మీకే అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"ఎండంటే నవ్వుతారని."

"నా నవ్వుకి నాలుగొందల ట్రేలా?" అని ఆ ట్రే నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాటినుంచి వ్యాను మా ఆఫీసు ముందు ఆగలేదు. డ్యూటీ అయ్యాక నేనే నర్సరీకి వెళ్లి, చచ్చిన మొలకలు దులిపి ట్రేలు కడగడం మొదలుపెట్టాను. ఆమె పలకరించేది కాదు. వాళ్ల నాన్న మాత్రం మఫ్లరు చుట్టుకుని స్టూలు మీద కూర్చుని, "మబ్బులబ్బాయ్, ఆ మూల మట్టి పోలేదు" అనేవాడు. ఎనిమిది రోజులూ ముసురే. నా బతుకులోనూ అంతే.

తొమ్మిదోరోజు ఆమె ఒక డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"చివరి విత్తనాలు. మా షెడ్డులో వెలుతురు తక్కువ. మొలిచాక పది రోజుల్లో బయట పెట్టకపోతే సాగిపోయి పడిపోతాయి. ఈ వారం విత్తకపోతే ఇక చాలంటున్నారు నాన్న. రాబోయే మూడు వారాలు ఎలా ఉంటుంది?"

ఎండంటే విత్తుతుంది, ఇక్కడే ఉంటుంది. వానంటే వెళ్లిపోతుంది.

"విత్తకండి. మూడు వారాలూ మబ్బే. మధ్యలో రెండుసార్లు గట్టివాన."

"అంటే, వెళ్లిపొమ్మంటున్నారా?"

"మీరు వెళ్తే నేను తట్టుకోలేనండీ. మీరంటే నాకు ప్రాణం. అందుకే పొద్దున్నించి లెక్కలన్నీ మూడుసార్లు తిరగేశాను, ఎక్కడైనా నాలుగు ఎండరోజులు దొరుకుతాయేమోనని. దొరకలేదు."

స్టూలు మీంచి పెద్దాయన అడిగాడు.

"నాలుగో వారం సంగతేంటి?"

"తెలీదండీ. అంతదూరం మా లెక్కలకి అందదు."

ఆయన మఫ్లరు సర్దుకుంటూ లేచాడు. "ముప్పై ఏళ్లుగా మీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా. తెలీదన్నవాడు ఇప్పటికి ఒక్కడు దొరికాడు. అమ్మాయ్, ఆ డబ్బా లోపల పెట్టు. మూడు వారాలు ఆగి చూద్దాం."

"మరి అక్క వాళ్ల ఊరు?"

"ఎక్కడికీ పోదులే. ఈ అబ్బాయికి టీ పెట్టు, చేతులు నానిపోయాయి."

ఆమె డబ్బా లోపల పెట్టి, టీ తెచ్చి నా చేతికిచ్చి, తిరగేసిన ట్రేల మీద నా పక్కనే కూర్చుంది. రేకుల మీద వాన మళ్లీ మొదలైంది.

"రోజూ వచ్చి చెప్పాలి. అదీ నిజమే చెప్పాలి."

"చెప్తాను."

"రేపెలా ఉంటుంది?"

"వానండీ. పొద్దున్నించి సాయంత్రం దాకా."

ఆమె నవ్వింది.