రొట్టెల పలక రాని రోజు

తన భార్య యమ్నాను ఈ ఊరే చంపింది. బూష్తాకు అందులో అనుమానం లేదు. ఐన్ లూజ్‌లో గుండె డాక్టరు లేడు. ఉన్న ఒక్క అంబులెన్సు ఆ రోజు కొండ మీది పల్లెకు పోయింది. ఫెజ్ నగరానికి గంటా ఇరవై నిమిషాల దారి. ఆ దారిలో మూడో మలుపు దగ్గర ఆమె ఊపిరి ఆగింది. పద్నాలుగు నెలలైంది. ఎవరు కలిసినా బూష్తా ఇదే చెబుతాడు, ఇదే వరసలో. విన్నవాళ్లు "దేవుడు ఆమెను కరుణించుగాక" అని పక్కకు తప్పుకుంటారు.

ముప్పై ఏళ్లు అతను ఆ దారిలోనే టాక్సీ నడిపాడు. ఊళ్లో రోగులందర్నీ ఫెజ్ ఆసుపత్రుల గుమ్మాల్లో దించాడు. కళ్లకు శుక్లాలు వచ్చాక బండి అమ్మేశాడు. అమ్మిన ఏడాదికే సొంత భార్యను ఇంకొకడి బండిలో తీసుకెళ్లాల్సి వచ్చింది. దానికీ తప్పు ఊరిదే అన్నాడు.

ఆ గురువారం పొద్దున నమాజు ముగించి, చాయ్ కోసం వంటింటి వైపు వస్తుంటే ఒక చప్పుడు వినిపించింది. మట్టి బేసిన్‌లో పిండి ముద్దను తిరగేసి కొట్టే చప్పుడు. బూష్తా గుమ్మంలోనే ఆగిపోయాడు. పద్నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఆ చప్పుడు లేదు.

కూతురు సిహామ్ మోచేతుల దాకా పిండితో నేల మీద కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"కనిపిస్తోందిగా నాన్నా. పిండి పిసుకుతున్నా."

"కొట్టు రొట్టె ఉందిగా."

"నిన్నటిది. దాంతో గోడకి మేకు దిగ్గొట్టొచ్చు."

"రెండింటికి నీ టాక్సీ. ఇది పులిసేదెప్పుడు, కాలేదెప్పుడు? ఎవరు తింటారు?"

"మనమే."

మనం అంటే ఎవరని అతను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం వేసింది.

సిహామ్ నర్సు. సంత పక్కనున్న ఆరోగ్య కేంద్రంలో పని. రాజధాని రబాత్‌లోని పెద్ద ఆసుపత్రికి ఎంపికైంది. గురువారం పన్నెండు లోపల ఫోన్ చేసి వస్తానని చెప్పాలి. చెప్పకపోతే జాబితాలో తర్వాతి పేరుకు ఇస్తారు. బూష్తా అన్నీ సిద్ధం చేశాడు. పాత టాక్సీ మిత్రుడితో ముందు సీటు ఆపించాడు. రబాత్‌లో మేనత్త కొడుకును గది చూడమన్నాడు. కొత్త సూట్‌కేసు కొని, కూతురి బట్టలు తనే మడిచి పెట్టి, రాత్రే తలుపు దగ్గర ఉంచాడు. ఈ ఊరి నుంచి ఒక్కదాన్నయినా ప్రాణంతో బయట పడేయాలని అతని పట్టుదల.

ఎనిమిదిన్నరకు పిట్టగోడ మీదుగా పక్కింటి లల్లా ఖదూజ్ తల కనిపించింది.

"బూష్తా, మీ ఇంట్లో పిండి చప్పుడైంది. పిల్ల వెళ్లట్లేదా ఏంటి?"

"మా ఇంట్లో తుమ్మితే మీ ఇంట్లో కషాయం కాస్తావు నువ్వు."

"కాస్తాను మరి. తాగి తగ్గించుకోరాదూ? ఎందుకంత మండిపాటు?"

"పిల్ల వెళ్తోంది. రెండింటికి. పోయి ఊరంతా చాటు."

"చాటేదేముంది, సూట్‌కేసు కొన్నరోజే అందరికీ తెలిసింది" అంటూ ఆమె దిగిపోయింది.

బూష్తా గడియారం కిందే కుర్చీ వేసుకున్నాడు. ఫోన్ అలమర మీద ఉంది. తొమ్మిదిన్నరయింది. సిహామ్ పిండిని ముద్దలు చేసి, గుండ్రంగా అదిమి, చెక్క పలక మీద వరసగా పేర్చింది. ప్రతి రొట్టె మీదా మూడు వేళ్లతో మూడు నొక్కులు పెట్టింది. యమ్నా గుర్తు అది. వీధి బట్టీలో యాభై ఇళ్ల రొట్టెలు కలిసినా ఆ నొక్కులు చూసి, ఇది బూష్తా ఇంటిది అని లహ్సెన్ తీసి పక్కన పెట్టేవాడు.

లహ్సెన్ వీధి బట్టీ మనిషి. నలభై ఏళ్లుగా బట్టీ ముందున్న గోతిలో నిలబడి అందరి రొట్టెలూ కాలుస్తున్నాడు. పొద్దున తొమ్మిది దాకా ఏ ఇంటి పలకైనా రాకపోతే ఊరుకోడు. వెళ్లి తలుపు కొడతాడు. ఎవరికైనా జ్వరమా, మొగుడూ పెళ్లాం కొట్టుకున్నారా, ఊరెళ్లారా అని కనుక్కుని మరీ వస్తాడు. యమ్నా పోయినప్పటి నుంచి బూష్తా ఆ వీధిలో నడవడు. మసీదుకు కూడా చుట్టు తిరిగి పోతాడు. ఆ బట్టీ వాడికి ఆరాలెక్కువ అంటాడు.

పదిన్నర. పదకొండు. సిహామ్ పలక మీద గుడ్డ కప్పి చేతులు కడుక్కుంది.

"ఫోన్ చెయ్యి" అన్నాడు బూష్తా.

"చేశాను."

"ఎప్పుడు?"

"నిన్న."

అతను ఊపిరి వదిలాడు. "మరి చెప్పొద్దా? పొద్దుట్నుంచీ ఇక్కడ నా ప్రాణం పోతోంది. ఏమన్నారు?"

"వాళ్లేమంటారు. నేను రానన్నాను."

బూష్తా తలెత్తి గడియారం చూశాడు.

"మళ్లీ చెయ్యి. గంట ఉంది. బుద్ధి లేక అన్నానని చెప్పు."

"బుద్ధి ఉండే అన్నాను నాన్నా."

"ఏముందే ఈ ఊళ్లో?" బూష్తా లేచాడు. "వేసవంతా రోజు విడిచి రోజు నీళ్లు. ఉన్న ఒక్క సినిమా హాలు గడ్డి కొట్టం అయింది. ఎక్స్‌రే తీసేవాడు మంగళవారం వస్తాడు. బుధవారం ఎముక విరిగితే వారం దాకా మూలుగుతూ కూర్చోవాలి. ఇదా బతుకు? రేపు నీకు ఏదైనా అయితే? నిన్నూ ఆ దారిలోనే వేసుకుని పోవాలా నేను?"

"రబాత్‌లో చదువుకున్నప్పుడు ఐదో అంతస్తులో ఉండేదాన్ని. నాలుగో అంతస్తులో ఒక ముసలావిడ. చనిపోయి నాలుగు రోజులు. వాసన వచ్చాకే తలుపు పగలగొట్టారు. ఆ నాలుగు రోజులూ నేను ఆ తలుపు ముందు నుంచే మెట్లెక్కాను. అక్కడ గుండె డాక్టర్లు వీధికిద్దరున్నారు నాన్నా."

"అది దిక్కులేని ముసలిది. నీకేం సంబంధం?"

"ఇక్కడ పనికి ఏడు నిమిషాలు నడుస్తాను. ఆ ఏడు నిమిషాల్లో పదిమంది ఆపుతారు. ఒకళ్ల మనవడికి దగ్గు, ఒకళ్లకి సూది కావాలి. విసుగొస్తుంది, కాదనను. కానీ నేను ఒక్కరోజు కనపడకపోతే రెండోరోజు మన తలుపు మోగుతుంది."

"మోగి ఏం చేసింది? మీ అమ్మను బతికించిందా?"

సిహామ్ తండ్రి ముఖంలోకి చూసింది. గొంతు తగ్గించింది.

"అదే అడుగుతున్నా. ఆ రోజు తలుపు మోగిందా నాన్నా?"

బూష్తా ఆమె చూపు తప్పించి తలుపు వైపు తిరిగాడు.

"నిన్న లహ్సెన్ బాబాయి దగ్గరికెళ్లాను. రేపు పలక తెస్తాను, కాలుస్తావా అని అడగడానికి. ఆ మనిషి గోతిలో నిలబడి ఏడ్చేశాడు. 'మీ నాన్న నన్ను క్షమించలేదు తల్లీ, ఎలా క్షమిస్తాడు? ఆ రోజు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను. తోసుకుని లోపలికెళ్లుంటే మీ అమ్మ ఉండేది' అన్నాడు. డెబ్బై ఏళ్లవాడు. పద్నాలుగు నెలలుగా తనే చంపానని అనుకుంటున్నాడు. నువ్వు సలాం కూడా చెప్పకుండా చుట్టు తిరిగి పోతున్నావు."

బూష్తా కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"తొమ్మిదిన్నరకు వచ్చాడట. నువ్వు తలుపు సగమే తీశావట. అంబులెన్సుకి ఎన్నింటికి ఫోన్ చేశావు?"

అతను చెప్పాడు. "పన్నెండుకి."

ఆ రోజు తెల్లవారుజామునే యమ్నా కడుపు పట్టుకుని లేచింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. రాత్రి తిన్న పప్పు పడలేదని అతను అడవి వాము ఆకు కాచి ఇచ్చాడు. తొమ్మిదిన్నరకు తలుపు మోగింది. బయట లహ్సెన్, చేతులకు బూడిద. "పలక రాలేదు బూష్తా. లల్లా యమ్నాకి బాగాలేదా? మన వీధి ఉమర్ కారు బట్టీ ముందే ఉంది, పిలవనా?" అన్నాడు. లోపల ఆమె తల మీద గుడ్డ లేకుండా, వాంతి మరకలతో పడి ఉంది. వీడు చూస్తే మధ్యాహ్నానికి హమామ్ స్నానశాలలో ఆడవాళ్లంతా దీన్నే చెప్పుకుంటారని బూష్తాకు చిరాకు వేసింది. "ఏం లేదు. నిద్రపోతోంది. నీ పని చూసుకో" అని తలుపు వేశాడు. పడకలో నుంచి యమ్నా, "ఎవరూ?" అంది. "ఎవరూ లేరు" అన్నాడు.

తొమ్మిదిన్నరకు బయలుదేరితే పదకొండుకు ముందే ఫెజ్. ఆ సంగతి ఊళ్లో అందరికంటే అతనికే బాగా తెలుసు. ముప్పై ఏళ్లు ఆ దారిలో బండి నడిపింది అతనే.

ఇదంతా అతను నిలబడే చెప్పాడు. కూతురి వైపు చూడలేదు. కారే కళ్లు తుడుచుకోలేదు.

సిహామ్ అరవలేదు. ఆమె కూడా ఏడుస్తోంది.

"ముందురోజు సాయంత్రం, నేను శిక్షణకి రబాత్‌లో ఉంటే, అమ్మ ఫోన్ చేసింది. ఛాతీ కింద మంటగా ఉంది, ఎడమ చెయ్యి లాగుతోంది అంది. బట్టలు ఉతికావు కదా, జీలకర్ర నీళ్లు తాగి పడుకో అన్నాను. నేను నర్సుని నాన్నా. ఈ ఊరే చంపింది అని నువ్వన్నప్పుడల్లా నాకూ హాయిగానే ఉండేది."

బూష్తా మొదటిసారి తల తిప్పి ఆమెను చూశాడు. మణికట్టుతో ముక్కు తుడుచుకుంటోంది. చిన్నప్పుడు కూడా అలాగే చేసేది. తల్లి తిట్టేది.

"మనిద్దరం మాట్లాడుకుంటాం, ఇవాళో రేపో సర్దుకుంటాం" అంది సిహామ్. "ఆ ముసలాయన ఎవరితో చెప్పుకుంటాడు?"

మసీదు నుంచి మధ్యాహ్నపు పిలుపు మొదలైంది. పన్నెండు ఎప్పుడో దాటింది. ఇద్దరూ గడియారం వైపు చూడలేదు.

బూష్తా చెప్పులేసుకున్నాడు. పలకను రెండు చేతులతో ఎత్తాడు. ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుపోయే వస్తువు అది. అతనికి పట్టుకోవడం కూడా రాలేదు. సిహామ్ గుడ్డ సరిచేసి తలుపు తీసింది.

వీధిలో అందరూ చూశారు. లల్లా ఖదూజ్ ఏదో అనబోయి, అతని ముఖం చూసి నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

బట్టీ చీకటిగా ఉంది. లహ్సెన్ గోతిలో నడుము దాకా నిలబడి, పొడుగు గరిటెతో రొట్టెలు తిప్పుతున్నాడు. పలక చూశాడు. తర్వాత పలక పట్టుకున్న మనిషిని చూశాడు. గరిటె ఆగింది.

"సలాం" అన్నాడు బూష్తా.

"సలాం. ఆలస్యమైంది. పిండి పొంగి పక్కలకి జారుతోంది."

"పిల్లకి ఇంకా చెయ్యి తిరగలేదు."

లహ్సెన్ గుడ్డ తీసి మూడు నొక్కుల మీద వేలు పెట్టాడు.

"ఆ రోజు నువ్వొచ్చావు" అన్నాడు బూష్తా. "కారు పిలుస్తానన్నావు. వెనక్కి పంపింది నేను. తప్పు నాది. నీది కాదు."

"తోసుకుని రావాల్సింది నేను."

"రానిచ్చేవాణ్ణి కాదు. నీకు తెలుసు."

లహ్సెన్ మంట వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. పొగకు కళ్లు మండినట్టు మోచేత్తో తుడుచుకున్నాడు. ఒక్కో రొట్టెనూ గరిటె మీద పెట్టి లోపలికి పంపాడు.

"ఒంటిగంటన్నరకి రా" అన్నాడు. "వేడిగా ఇస్తాను. నువ్వే రా."

రెండింటికి వీధి చివర టాక్సీ హారన్ కొట్టింది. బూష్తా గుమ్మంలోకి వచ్చి, "ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్" అని చేతితో సైగ చేశాడు. సూట్‌కేసును కాలితో తోసి మంచం కిందికి పంపాడు. మంగళవారం కాని రోజు ఎముక విరిగితే ఈ ఊళ్లో దిక్కు లేదన్న మాట మాత్రం ఇంకోసారి అన్నాడు. ఆ మాట నిజమే గనక సిహామ్ కాదనలేదు.

రొట్టె విరిస్తే ఆవిరి వచ్చింది. ఒక పక్క కాస్త మాడింది. ఆలివ్ నూనెలో ముంచి తిన్నారు.

"ఏం చెప్పావు బాబాయికి?"

బూష్తా నమిలి మింగాడు.

"చెప్పాల్సింది చెప్పాను. నీకు చెప్పాను, అతనికి చెప్పాను. ఇంకెవరికీ అక్కర్లేదు. ఇక ఈ ఇంట్లో ఆ పొద్దు సంగతి ఎత్తకు. నేనూ ఎత్తను. చచ్చేదాకా."

ఆమె తలూపి ఇంకో ముక్క అతని ముందు పెట్టింది. మర్నాడు మసీదు గుమ్మంలో ఎవరో యమ్నాను తలచుకుని, ఈ ఊరే కదా బూష్తా ఆమెను చంపింది అన్నారు. అతను జవాబు చెప్పలేదు. చెప్పులేసుకుని బట్టీ ఉన్న వీధి మీదుగా ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎవరడిగినా అంతే.