వారం రోజుల నిల్వ

"నీ సీసాల ఉత్త నూనె ఉన్నది. మా అవ్వ ఒక్క కీర ముక్క నోట్ల పెట్టుకొని ఉమ్మేసింది," అంటూ పద్మలత ఆ సీసాను మధుకర్ కర్రీ పాయింట్ బల్ల మీద ఠక్కున పెట్టింది.

మధుకర్ హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో ఆరేళ్లు సలాడ్లు చేసి, ఈ మధ్యే సొంతూరు జనగామ వచ్చేశాడు. పద్మలతది బ్యాంకు ఉద్యోగం. ఆమె తల్లి యాకమ్మకు బీపీ. డాక్టరు ఉప్పు, పచ్చడి బంద్ చేయమన్న నాటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. నెల తిరిగేసరికి మనిషి సగమైంది. కూర కొనడానికి వచ్చినప్పుడు పద్మలత ఆ బాధ చెప్పుకుంటే, మధుకర్ సలాడ్ మీద పోసుకునే బాల్సమిక్ వినెగ్రెట్ కలిపి ఇచ్చాడు. నల్లటి ద్రాక్ష వెనిగర్, ఆలివ్ నూనె, కాస్త తేనె, దంచిన వెల్లుల్లి. ఉప్పు మాత్రం లేదు.

"ఊపి పోసినవా?"

"ఎందుకు ఊపుతం? నూనె పైన తేలితేనే పచ్చడి నిల్వ ఉంటది. అవ్వ సీసాను కదపనియ్యలే."

మధుకర్ నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోవడం ఆమె చూడనే చూసింది.

"ఇది పచ్చడి కాదు. పోసే ముందు గట్టిగ ఊపాలె. ఫ్రిజ్‌ల పెట్టి, తినేటప్పుడు జరసేపు బయట ఉంచాలె. వెల్లుల్లి ఉన్నది గద, వారమే నిల్వ. ఆదివారం కొత్తది నేనే తెస్త."

ఆ పూట పద్మలత సీసా ఊపి, కీర, టమాట, ఉడికిన పల్లీల మీద పోసింది. యాకమ్మ ప్లేటు ఖాళీ చేసి, "ఇంకింత పెట్టు బిడ్డా," అంది. పద్మలత వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

ఆదివారాలు గడిచాయి. యాకమ్మ ముఖంలో కళ వచ్చింది. మూడు నెలలకు పద్మలతకు భూపాలపల్లి బదిలీ అయింది.

"అవ్వను తీస్కపోతున్న. నెలకు సరిపోను పెద్ద సీసా చేసియ్యి," అంది, ఆ ఆదివారం కొత్త సీసాతో ఇంటికి వచ్చిన మధుకర్‌తో.

"వారం దాటితే బాగుండదు."

"వెల్లుల్లి లేకుంటే నెల ఉంటదట, ఫోన్ల చూసిన. మరి ఎందుకేస్తున్నవ్?"

మధుకర్ బిగించిన మూతనే మళ్లీ బిగించాడు. "వెయ్యకుంటే వారం వారం మీ ఇంటికి ఏం చెప్పుకొని రావాలె?"

పద్మలత చెవులు ఎర్రబడ్డాయి. "భూపాలపల్లి దాక వస్తవా?"

"నువ్వు రమ్మంటే వస్త."

"మా అవ్వ ఇట్ల కడుపునిండ తింటున్నదంటే నీ పుణ్యమే. ఎన్ని ఆదివారాలు చెప్దామనుకున్ననో. నోరు రాలే." ఆమె సీసా అందుకుంది. "రా."

మంచం మీది నుంచి యాకమ్మ అంది: "వెల్లుల్లి మానకు నాయినా."