ఎగిరిన వత్తు

చీఫ్ పేపర్‌ని టేబుల్ మీదికి విసిరాడు.

"మన టాప్ సీక్రెట్ రిపోర్ట్. సగం ఫస్ట్ పేజీలో!"

ఏజెంట్ చదివాడు. గ్యాస్ ఫ్యాక్టరీ కార్మికులకు ఇచ్చిన మాస్కులు ఎందుకూ పనికిరావు. ఆ సంగతి ప్రభుత్వానికి ఏడాదిగా తెలుసు.

"ఫారిన్ రింగ్ పని" అన్నాడు చీఫ్. "ఐదు కాపీలు ఐదుగురికిచ్చా. ఒక్కో కాపీలో ఒక్కో మాటకి వత్తు ఎగ్గొట్టా. ఏ వత్తు లేకుండా అచ్చయితే ఆ కాపీవాడే దొంగ. నీ కాపీలో 'విశ్వాసం'."

"నన్నూ అనుమానించారా సార్?"

పన్నెండేళ్ల సర్వీసు. ఏజెంట్‌కి ఒళ్లు మండింది.

"డ్యూటీ! తమాషా ఏంటంటే, పేపర్లో ఒక్క తప్పూ లేదు. రెండో సగం ఇస్తామని వాళ్లు పత్రికకు రాసిన చీటీ గులాబీ కొట్టేసింది. పదకొండింటికి, లైబ్రరీలో. రిపోర్టర్ వేషంలో తనే వెళ్తుంది. నువ్వు కవర్ చెయ్."

గులాబీ డబుల్ ఏజెంట్. అందగత్తె. ఆమె గురించి ఏజెంట్ ఆలోచించడం లేదు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని మనిషి అతనికి తెలిసి ఒక్కతే. ముప్పై ఏళ్లు ప్రూఫ్ రీడర్‌గా చేసి, సబ్బు పెట్టె మీది తప్పులు కూడా దిద్దే అతని అక్క. అతను కాపీ దాచిన ఇంటి లాకర్ తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.

పదకొండింటికి అతను గడ్డం అంటించుకుని, లైబ్రరీలో బైండింగ్ పనివాడై జిగురు కలుపుతున్నాడు. అక్క రానే వచ్చింది.

"నిఘంటువులో 'ఋ' పేజీ ఉందా?" అంది గులాబీ, చీటీలో రాసిన సంకేతం ప్రకారం.

"చిరిగిపోయింది" అంది అక్క.

అతని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు: "గులాబీ, పెన్‌డ్రైవ్ తీసుకోగానే ఆ ఫారిన్ పాస్‌పోర్ట్ వాళ్ల సంచీలో పడెయ్. రేపట్నించి మాస్కుల గొడవంతా శత్రువుల కట్టుకథ!"

అతనికి అర్థమైంది, ఫారిన్ రింగ్ లేనే లేదు. పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి అక్క చెయ్యి చాచింది. అతని చేతిలోని జిగురు డబ్బా గులాబీ ఒళ్లో బోర్లా పడింది. ఆమె కెవ్వుమనేలోపు అతను అక్కని బీరువాల వెనకనుంచి బయటికి లాక్కెళ్లాడు.

"నా లాకరే దొరికిందా అక్కా? నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే ఆపేవాడివిరా. మాస్కు పనిచెయ్యదని శత్రువుకి తెలిస్తే ఏమవుతుంది? వేసుకున్నవాడికి తెలియాలి గానీ."

అతని కోపం మాత్రం తగ్గలేదు. చీఫూ, అక్కా ఇద్దరూ ద్రోహం చేశారు, అందులో ఒకరి మాటే నిజం.

"నేరుగా ఎడిటర్ చేతికే ఇవ్వు. దిద్దినది కాదు, నా కాపీ ఉన్నదున్నట్టు అచ్చెయ్యమను."

"తప్పుతోనా? నిన్ను పట్టేసుకుంటార్రా!"

"నిన్ను వెతకరుగా."

మర్నాడు ఫస్ట్ పేజీలో పెద్ద అక్షరాలు: 'కార్మికుల విశాసంతో చెలగాటం'. చీఫ్ మనుషులు తలుపు తట్టేసరికి అతను చొక్కా మార్చుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్క పేపర్ ముందు పెన్ను పట్టుకుని ఏడుస్తోంది.

ముప్పై ఏళ్లలో ఆమె దిద్దకుండా వదిలేసిన అచ్చుతప్పు అదొక్కటే.